ఫిబ్రవరి లెక్క, ఆగస్టు గోదావరి



కోనసీమలో ఇల్లులేనివారెవరని అడిగినచో మనలో పెక్కుమంది ఒక్క క్షణమాలోచించి, “మన వైపున అట్టివారెక్కడున్నారండీ?” అని ఎదురుప్రశ్న వేయుదురు. ఆ ప్రశ్నలో కపటమేమియు లేదు. అమలాపురము నుండి రాజోలు పోవు దారిలో బస్సు కిటికీ వద్ద కూర్చున్న వానికి కానవచ్చునవి కొబ్బరితోటలు, ఆ తోటల నడుమ పాతకాలపు మండువా లోగిళ్లు, వాటి సరసనే గల్ఫు దేశముల సంపాదనతో లేచిన రంగురంగుల డాబాలు, కాలువగట్ల వెంబడి వరుసదీరిన కాలనీ ఇండ్లు. మహానగరములలో వలె కాలిబాటల మీద సంసారములు చేయువారు మనకు కానరారు. రైలు స్టేషనులో పండుకొనువారు అసలే కానరారు. ఏలయనగా అమలాపురమునకు రైలే లేదు గదా! కోటిపల్లి నుండి నరసాపురమునకు రైలుమార్గము వచ్చునని విని విని ఒక తరము పెరిగి పెద్దదైనది. అది వేరొక కథ.

కాని శ్రోతలారా, ఇల్లులేనివారు మనకున్నారు. వారు ఏడాది పొడవునను ఒక్కచోట కూర్చుండి మన కంటబడువారు కారు. ఋతువును బట్టి ఇల్లు కోల్పోవువారు. ఋతువును బట్టి మరల ఏదో యొక నీడను కూర్చుకొనువారు. మనము లెక్కపెట్టు వేళకు వారు లోపలనుందురు. వారు బయటబడు వేళకు మన లెక్క ముగిసియుండును. ఈ సాయంకాలము నేను చెప్పదలచినది ముఖ్యముగా ఈ యొక్క సంగతియే.

మన దేశములో జనాభా లెక్కలవారు ఇల్లులేనివారిని లెక్కించుటకు ఒక పద్ధతి నేర్పరచుకొన్నారు. ఇంటి కప్పు క్రింద గాక ఆరుబయట, రోడ్డు ప్రక్కన, పెద్ద పెద్ద సిమెంటు గొట్టములలో, వంతెనల క్రింద, మెట్ల క్రింద, గుడి మండపములలో, రైల్వే ప్లాట్‌ఫారముల మీద నిద్రించువారిని ఒక నిర్ణీతమైన రాత్రి వెదకి వ్రాసికొందురు. 2011లో ఆ రాత్రి ఫిబ్రవరి 28. ఆ యొక్క రాత్రి దేశమంతటను కనబడినవారు సుమారు 17 లక్షల 70 వేలమంది; వారిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశమువారు 1 లక్షా 45 వేలమంది. ఈ అంకెలను మీరు మరచిపోయినను నష్టము లేదు. రెండు మాటలు మాత్రము జ్ఞాపకముంచుకొనుడు. ఒక్క రాత్రి. ఫిబ్రవరి నెల.

ఆ రాత్రి గోదావరి పాయల నడుమనున్న మన లంకలలో ఎట్లుండునో ఒకసారి తలచుకొనుడు. ఊడిమూడిలంక కానిండు, బూరుగులంక కానిండు, అయినవిల్లి వైపు మరేదైన లంక కానిండు. గోదావరి పాయ సన్నబడి, ఇసుకతిన్నెలు పైకి తేలి, అరటితోటలు, కూర పాదులు పచ్చగా కళకళలాడుచుండును. పాకలో పశువు, మంచము మీద ముసలివారు, నేలమీద చాపలు పరచుకొని పిల్లలు. లెక్కలవారు వచ్చి చూచినచో ఏమి వ్రాసికొందురు? గోడలు మట్టివి, కప్పు తాటాకుది, కుటుంబము ఇంటనే యున్నది అని వ్రాసికొందురు. వ్రాసినది సత్యమే. కాని అది ఫిబ్రవరి నాటి సత్యము. ఫిబ్రవరిలో గడకఱ్ఱ ముంచి చూచి గోదావరి లోతింతేనని చాటిన వానిని మన పడవవారు ఏమందురో, ఈ లెక్కనొక్కదానినే నమ్మి గృహవిధానములు రచించువారిని కూడ అదే యనవలసి వచ్చును.

ఇక ఆగస్టు నెలకు రండు. ఎగువన మహారాష్ట్రములోను తెలంగాణములోను వానలు కురియును. మన ఆకాశము నిర్మలముగనే యుండవచ్చును. అయినను గోదావరి ఎఱ్ఱబారును. ధవళేశ్వరము వద్ద నీరు 11.75 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. లంకలలోని పిల్లలకు ఎక్కములకన్న ముందుగా ఈ అంకెలు వచ్చునన్నను అతిశయోక్తి కాదు. మొదటి హెచ్చరికకు పశువులను గట్టు మీదికి తోలుదురు. రెండవదానికి బియ్యపు బస్తా, గిన్నెలు, గ్యాసు పొయ్యి పడవ కెక్కును. మూడవదానికి మనుష్యులు. రేషను కార్డు, ఆధారు కార్డు, ఇంటిపట్టా, పిల్లల బడి కాగితములు ఒక ప్లాస్టిక్కు సంచిలో చుట్టి, ఇంటి యిల్లాలు రొండిని దోపుకొని మరీ పడవ దిగును. ఆ సంచియే అప్పటికి ఆమె సంసారము.

తరువాత ఏటిగట్టు. గట్టుమీద నాలుగు వెదురుగెడలు, ఒక టార్పాలిను. లేదా ఊరి బడిలో ఒక గది, ఆ గదిలో నాలుగు కుటుంబములు. ఎవరైన వెళ్లి పలుకరించినచో వారేమందురో కోనసీమవాసులలో విననివారుండరు. “ఏం చేత్తామండీ, గోదారొచ్చేసింది, గట్టెక్కేసేం. తీసేక ఎల్లిపోతాం. ఆయ్!” అంతే. అందులో దైన్యము లేదు, ఫిర్యాదు లేదు. ఆ మాటలోని నిబ్బరమును మనము మెచ్చుకొందుము, మెచ్చుకొని ఊరకుందుము. నాకు మాత్రము మన మెచ్చికోలు మీదనే అనుమానము. వారి ఓర్పును గుణముగా కొనియాడుటలో మన బాధ్యతను సులువుగా దించుకొనుచున్నామేమో!

1986 ఆగస్టులో ధవళేశ్వరము వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు పారిన నాటి సంగతి ముసలివారు ఇప్పటికిని చెప్పుదురు. 2006 ఆగస్టులో శానపల్లిలంక వద్ద ఏటిగట్టు తెగినప్పుడు, గట్టు లోపలివారమని ధైర్యముగా నున్న గ్రామములు కూడ నీటిపాలైనవి. అంతవరకు లంకవారికి నీడనిచ్చినవారే తామును నీడ వెదకుకొనవలసి వచ్చినది. 2022 జూలైలో వరద 25 లక్షల క్యూసెక్కులు దాటి, మూడవ హెచ్చరిక దినముల తరబడి దిగకుండెను. ఇవి మహావరదలు, చరిత్ర కెక్కినవి. చరిత్ర కెక్కని చిన్న వరదలు మాటిమాటికి వచ్చునవియే. వచ్చిన ప్రతిసారియు మట్టిగోడ నానును. రెండుసార్లు నానిన గోడ మూడవసారి కూలును.

గోదావరి తీసినదిగదా యని ఊపిరి పీల్చుకొనునంతలో కార్తికమాసపు తుపానులు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రిని నేను వర్ణింపనక్కరలేదు. ఆ యొక్క రాత్రి తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణములు గొనిపోయినది. ఆరు లక్షలకు పైగా ఇండ్లు కూలుటయో దెబ్బతినుటయో జరిగినది. కొబ్బరిచెట్లు నేలకొరిగినందున దింపు తీయువారికి, కాయ వలుచువారికి కూలిపని కూడ పోయినది. ఇల్లును పనియు ఒక్క రాత్రిలోనే పోయిన కుటుంబము మరల గోడ లేపుకొనుటకు ఎన్నేండ్లు పట్టునో, ఆ యేండ్లన్నియు వారెక్కడ తలదాచుకొందురో ఎవరు వ్రాసియుంచిరి? మృతుల లెక్క వ్రాసిరి. కూలిన ఇండ్ల లెక్క వ్రాసిరి. ఆ ఇండ్లలోనివారు ఆ మీదట ఎచ్చట నిద్రించిరో ఆ లెక్క మాత్రము లేదు.

అందుచేత, శ్రోతలారా, ఇల్లు లేమిని గూర్చి పరిశోధించువారు అడుగవలసిన ప్రశ్నయే మారవలెను. “తలపైన కప్పున్నదా?” యని అడిగినచో కోనసీమలో నూటికి తొంబదితొమ్మండుగురు “ఉన్నది” అనియే చెప్పుదురు. “ఆ కప్పు ఎవరి నేలమీద నున్నది? ఎంతకాలముండును?” అని అడిగి చూడుడు. సమాధానములు తడబడును. మరల చెప్పుచున్నాను: ఎవరి నేలమీద? ఎంతకాలము?

యూరపు ఖండములో ఈ విషయమున పనిచేయు సంస్థల సమాఖ్య యొకటి 2005లో ఇటువంటి ప్రశ్నలనే ప్రాతిపదికగా గొని ఇల్లు లేమిని నాలుగు మెట్లుగా విభజించి చూపినది. ఆరుబయట పండుకొనువారు మొదటి మెట్టు. ఆశ్రయగృహములలో తాత్కాలికముగా నుండువారు రెండవ మెట్టు. ఎప్పుడు పొమ్మందురో తెలియక భయపడుచు నివసించువారు మూడవ మెట్టు. మనుష్యులు నివసింపదగని కొంపలలో కిక్కిరిసి యుండువారు నాలుగవ మెట్టు. మన జనాభా లెక్కలు మొదటి మెట్టును మాత్రమే చూచును. కోనసీమలోనివారు ముఖ్యముగా మూడు, నాలుగు మెట్ల మీదనున్నారు. గోదావరి వచ్చినప్పుడు అందరును ఒక్కసారిగా మొదటి మెట్టునకు దిగుదురు.

మూడవ మెట్టు ఎట్టిదో చూతము. ఒక కొబ్బరితోట. ఆ తోటలో ఒక మూలను తాటాకు పాక. అందులో కాపలాదారు, అతని భార్య, ఇద్దరు పిల్లలు. అతని తండ్రియు అక్కడనే పుట్టి అక్కడనే పోయినాడు. కరెంటు మీటరున్నది, ఓటు హక్కున్నది. తోట యజమాని మంచివాడే, ఏనాడును పొమ్మనలేదు. కాని యజమాని కుమారులు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడిరి. తోటకు మంచి ధర వచ్చినది. ఒకనాడు రిజిస్ట్రారు కార్యాలయములో సంతకములైనవి. కొన్నవారు తోటను ఇండ్ల స్థలములుగా కోయుదురు, లేదా ప్రక్కనున్న చేనుతో కలిపి రొయ్యల చెరువు త్రవ్వింతురు. ఇక ఆ పాక మాటేమిటి? ఎవరును ఎవరిని దౌర్జన్యముగా వెళ్లగొట్టలేదు. ఇది తగవు కాదు, వార్త కాదు. ఆ కుటుంబము బావమరది ఇంటి వరండాలోనికి చేరును. వరండాకు గోనెపట్టా అడ్డము. జనాభా లెక్కలలో బావమరది ఇంట నొక కుటుంబము పెరిగినది, అంతే.

ఇట్టివారి కొరకు చట్టము లేకపోలేదు. పరుల భూమిలో గుడిసె వేసికొని నివసించు వ్యవసాయ కార్మికులకు, చేతివృత్తులవారికి ఆ ఇంటి జాగాపై స్వామ్యము కల్పించుటకు ఆంధ్రప్రదేశములో 1976లోనే ఒక చట్టము చేసిరి. చదువుకొన్నవారిలోనే దానిని ఎరిగినవారు తక్కువ; పాకలోని కాపలాదారునకు దానిని చెప్పువారెవరు? చెప్పినను, నాలుగు తరములుగా ఉప్పు పులుసు పంచుకొన్న కామందు మీద కాగితము పెట్టుటకు అతనికి మనసొప్పునా? చట్టము చేసినవారు భూమిని చూచిరి కాని ఈ మొగమాటమును చూడలేదు.

నాలుగవ మెట్టు మరింత మరుగున నుండునది. 2012లో కేంద్రప్రభుత్వము నియమించిన నిపుణుల బృందము పట్టణములలో ఇండ్ల కొరత సుమారు 1 కోటి 88 లక్షలని తేల్చినది. అందులో బొత్తిగా ఇల్లే లేనివారి వాటా అయిదు లక్షల చిల్లర మాత్రమే. మిగిలిన కొరతలో అత్యధిక భాగము ఏమనుకొంటిరి? ఇరుకు. పెండ్లియైన కొడుకు కోడలికి వేరు గది లేని ఇల్లు. రాత్రివేళ తండ్రి అరుగుమీదికి, తమ్ముడు స్నేహితుని ఇంటికి పోయి పండుకొను ఇల్లు. మన పేటలలోను, రేవు ప్రక్క పల్లెలలోను ఇట్టి ఇండ్లెన్నో మీరెరుగుదురు. పట్టణముల కొరకు చేసిన ఆ లెక్క పల్లెకును చక్కగా అన్వయించును.

దీనికి ఎదురుగా మరియొక దృశ్యమున్నది. ఆ ఇరుకిండ్ల వీధిలోనే మూడు డాబాలు తాళములు వేసి యుండును. ఒకరు అమెరికాలోనున్నారు, ఒకరు బెంగుళూరులోనున్నారు. మూడవ డాబా కథ వేరు. దానిని కట్టించినది కువైటులో ఇంటిపని చేయుచున్న యొక ఇల్లాలు. పూరింటిలో పిల్లలను తల్లికప్పగించి, అప్పు చేసి విమానమెక్కి, పరుల ఇల్లు తుడిచి, ఇక్కడ పునాది పోయించినది. మరి రెండేండ్లకు శ్లాబు వేయించినది. ఆ శ్లాబు క్రింద తాను ఎన్ని రాత్రులు నిద్రించినది? సెలవునకు వచ్చినప్పుడు కొన్ని. గల్ఫునకు పోయిన మన ఆడవారిని గూర్చి మాటలాడువారు వారి కష్టములను చెప్పుదురు, మోసపోయిన కథలను చెప్పుదురు, అవి చెప్పదగినవే. కాని పోయినవారిలో ఎందరు కేవలము ఒక ఇంటి కొరకే పోయిరో ఎవరైన విచారించినచో, ప్రభుత్వము మంజూరు చేయు ఇండ్ల పథకములకన్న పెద్దదైన గృహనిర్మాణ పథకము ఆ ఆడవారే నడిపిరని తేలునేమో!

ఇక ప్రభుత్వము చేసినదానిని గూర్చి. చేయలేదనుట అన్యాయము. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడినది. 1983 తరువాత బలహీనవర్గములకు పక్కా ఇండ్లను నిర్మించు కార్యక్రమము వేగముగా సాగినది. 2006లో ఇందిరమ్మ పథకము, 2016 నుండి ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ పథకము, 2020 డిసెంబరు 25న కాకినాడ సమీపమున కొమరగిరిలో ప్రారంభమై రాష్ట్రములో 30 లక్షలకు పైగా మహిళల పేర ఇంటి స్థలములిచ్చిన కార్యక్రమము. తాటాకు కప్పు తగ్గి శ్లాబు పెరిగినది. వేసవిలో పేటకు పేట తగులబడుట తగ్గినది. పట్టా స్త్రీ పేర నుండుట యను మార్పు ఎంత గొప్పదో మనకింకను పూర్తిగా తెలిసిరాలేదు.

అయినను ఒక మాట చెప్పక తప్పదు. 2020లో ఇచ్చిన స్థలము పల్లెలలో సెంటున్నర, పట్టణములలో సెంటు. సెంటున్నర యనగా 72 గజములు, కొంచెమెక్కువ. అది చాలదనిరి. 2024లో వచ్చిన ప్రభుత్వము పల్లెలలో 3 సెంట్లు, పట్టణములలో 2 సెంట్లు ఇత్తుమని ప్రకటించినది. ఎక్కువ ఇచ్చుట మంచిదే, కాదనువారెవరు? కాని కోనసీమలో ఈ వాదము సగమే సరియైనది. ఎన్ని సెంట్లు అను వాదములో ఎంత ఎత్తు అను ప్రశ్న మునిగిపోయినది.

కారణము మీకు తెలియనిది కాదు. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట, గన్నవరము అక్విడక్టు మీదుగా కాలువ నీరు మన సీమకు వచ్చిన పిమ్మట, ఇక్కడ జానెడు నేల ఖాళీగా నుండలేదు. మెరక నేలయంతయు ఊళ్లు, తోటలు. ప్రభుత్వము కొనగలిగిన ధరకు దొరకునది పల్లపు చేను. నల్లరేగడి. దానిని ఇండ్ల స్థలముగా చేయవలెనన్నచో ముందు మట్టి తోలి మెరక చేయవలెను. లేనిచో మొదటి వానకే లేఅవుటు చెరువగును. మెరక ఖర్చు ఎవరిది? ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో మైదాన ప్రాంతపు ఇంటికి నిర్ణయించిన సాయము 1 లక్షా 20 వేల రూపాయలు. రాయలసీమలో రాతినేల మీద ఇల్లు కట్టువానికిని అంతే, కోనసీమలో బురదనేల మీద కట్టువానికిని అంతే. లంకలోనివానికైతే ఇటుక, సిమెంటు, ఇనుప సామాను రేవుదాక లారీలో, రేవు నుండి పడవలో, ఆవలి ఒడ్డు నుండి నెత్తిమీద. ఇంటి కొరకు ఇచ్చిన సొమ్ములో కొంత నేల క్రిందికే పోవును. ఇల్లు లెంటలు వరకు వచ్చి ఆగిపోవును. లెంటలు వరకు వచ్చి ఆగిన గోడలను చూచి, “డబ్బు తాగేశాడండీ” అనుట మనకు అలవాటైనది. తాగినది నేల కూడ కావచ్చును గదా! మెరక వేరు పద్దు కావలెను. ఇల్లు వేరు, మెరక వేరు.

దూరము సంగతి యొకటున్నది. అమలాపురము పట్టణములోని పేదల కొరకు బోడసకుర్రు వద్ద టిడ్కో అను ప్రభుత్వ సంస్థవారు ఇండ్లు కట్టిరి. చక్కని కట్టడములే. కాని పట్టణములో నాలుగిండ్ల పాచిపని చేయు ఆమెకు తెల్లవారుజామున అయిదు గంటలకు మొదటి ఇంటి గడప తొక్కవలసిన అక్కర యుండును. ఆటో ఖర్చు ఎవరిచ్చెదరు? ఈ చిక్కు మనది మాత్రమే కాదు. 1985లో బొంబాయి కాలిబాటలవారి వ్యాజ్యములో సుప్రీంకోర్టు ఈ సంగతినే గుర్తించినది. వారు కాలిబాట నెన్నుకొన్నది పని దగ్గరగా నుండుటచేతనని, నివాసమును తీసివేయుట జీవనోపాధిని తీసివేయుటయేనని న్యాయమూర్తులు గ్రహించిరి. 1995లో మరియొక తీర్పులో ఆశ్రయమనగా తలపైన కప్పు మాత్రమే కాదని, తగినంత చోటు, వెలుతురు, గాలి, నీరు, పారిశుద్ధ్యము, దారి అన్నియు కూడి ఆశ్రయమని చెప్పిరి. దారి యను మాట లంకవారు వినవలసినది.

ఆశ్రయము సంగతి ఇట్లుండగా, అన్నము విషయములో మన సీమకు గొప్ప చరిత్ర కలదు. లంకల గన్నవరములో డొక్కా సీతమ్మగారు, 1909లో పరమపదించువరకు, వేళ యనక, కులమనక, గోదావరి దాటి వచ్చినవారికి విస్తరి వేసిరి. పి.గన్నవరములోని నేటి అక్విడక్టునకు ఆమె పేరే పెట్టుకొంటిమి. మన వితరణము నేటికిని ఆ మార్గముననే పోవును: వరద వచ్చినచో పులిహోర పొట్లములు, పాల ప్యాకెట్లు, దుప్పట్లు పడవలలో పంపుదుము. పంపవలసినదే. ఆకలి పూటకు తీరును. నీడ కొరత పూటకు తీరునది కాదు. దానికి నేల కావలెను. నేల నిచ్చుట అన్నము పెట్టుటవలె సులువు కాదు. అందుచేతనే మనము అన్నమువద్దనే ఆగిపోతిమేమో!

పరదేశములలో ఏమి చేసిరో రెండు మాటలు చెప్పుదును. కెనడాలో 2009 మొదలు 2013 వరకు అయిదు నగరములలో ఇంచుమించు రెండు వేలమంది నిరాశ్రయులతో ఒక పరిశోధన చేసిరి. చీటీలు తీసినట్లుగా కొందరికి ముందు ఇల్లిచ్చి, తరువాత వైద్యము, పని మొదలైన సాయములు చేసిరి. మిగిలినవారిని అదివరకటి పద్ధతికే వదలిరి. ముందు ఇల్లు పొందినవారే ఇండ్లలో ఎక్కువగా నిలిచిరి. త్రాగుడు మానినగాని ఇల్లియ్యము, మంచివాడైనగాని ఇల్లియ్యము అను పాత పద్ధతి తలక్రిందైనది. ఫిన్‌లాండులో 2008 నుండి ప్రభుత్వమే ఈ మార్గము పట్టి, వరుస మంచముల ఆశ్రయగృహములను చిన్న చిన్న వాటాలుగా మార్చి, ప్రతివానికి వాని పేరననే అద్దె ఒడంబడిక వ్రాసియిచ్చినది. వాని పేరన కాగితము. మన తోటకాపరి వద్ద లేనిది, గట్టుమీది ఇల్లాలు ప్లాస్టిక్కు సంచిలో దాచుకొన్నది అదియే.

ఇక లెక్క సంగతికి మరల వత్తును. మన జిల్లాలో ఈ లెక్క తీయుటకు క్రొత్త కార్యాలయము అక్కరలేదు. వరదనాడు పునరావాస కేంద్రములలో పేర్లు వ్రాసికొను పుస్తకములు ఇప్పుడే ఉన్నవి. గ్రామ సచివాలయములున్నవి. బియ్యము పంచుటకు వ్రాసిన ఆ పేర్లను, బియ్యము పంచగానే మూల పడవేయక, ప్రక్కన నాలుగు ప్రశ్నలు చేర్చినచో చాలును. గడచిన ఏడాదిలో ఎన్ని రాత్రులు ఇంట లేరు? ఎక్కడ పండుకొంటిరి? ఇల్లున్న నేల ఎవరిది? వరద తీసిన తరువాత అదే గోడలోనికి పోవుచున్నారా, క్రొత్త చోటికా? అయిదేండ్లు ఇట్లు వ్రాసినచో, ఏ లంకలోని ఏ కుటుంబము ఎన్నిసార్లు గట్టెక్కినదో తేలును. ఏ లంకకు ఎత్తైన పునాదితో ఇల్లు చాలునో, ఏ లంకవారు మెరకకు తరలివత్తుమందురో, ఎవరు చచ్చినను రామందురో తేలును. రామన్నవారిని తిట్టనక్కరలేదు. వారి అరటి అక్కడ నున్నది, పశువు అక్కడ నున్నది. వారికి వంతెనయు మెరకయు కావలెను.

ఇందులో అన్నిటికన్న ముందు వ్రాయవలసినవారు కోతకు గురియైనవారు. గోదావరి ఏటేట లంకల ఒడ్డును కోసికొని పోవుచున్నది. మొదట కొబ్బరిచెట్లు ఒరుగును, తరువాత పెరడు, తరువాత వంటిల్లు. తుపానుకు కూలిన ఇంటికి నష్టపరిహారమున్నది, వరదకు కూలినదానికున్నది, అగ్నికి కాలినదానికున్నది; కేంద్రము నోటిఫై చేసిన విపత్తుల జాబితాలో నదీకోత లేదు. నేలయే లేకపోయిన పిమ్మట పట్టా యెవరికి చూపవలెను? అయితే 15వ ఆర్థిక సంఘము ఈ సంగతిని గుర్తించి, 2021 నుండి 2026 వరకు గల కాలమునకు, కోతవలన నివాసము కోల్పోయినవారికి పునరావాసము కల్పించుటకై దేశము మొత్తము మీద వెయ్యి కోట్ల రూపాయలు ప్రత్యేకించుమని సిఫారసు చేసినది. అట్టి నిధినుండి సొమ్ము అడుగవలెనన్నచో రాష్ట్రము చూపవలసినది పేర్ల పట్టిక: ఏ లంక, ఏ సర్వే నంబరు, ఏ యేట ఏరు తిన్నది, ఆ కుటుంబము నేడెక్కడ నున్నది. ఆ పట్టికను వ్రాయవలసినది ఢిల్లీలో కాదు, అయినవిల్లిలో, పి.గన్నవరములో, మామిడికుదురులో, మరల వరదలు వచ్చులోపల.